పక్క గుర్తుకి ఓటు

...అయినా కన్నుకి అబద్ధం చేతకాదు, అది చేతనయ్యేది నోటికే, అనుకుంది ఆమె, ముసలావిడ కంట్లోకి సన్నటి వెలుగు వేసి చూస్తూ. గది చీకటిగా ఉంది. నల్లటి కనుపాప వెనక ఎర్రటి కాంతి ఒకటి మెల్లగా పక్కకి జరిగింది. ఏళ్ళ తరబడి చూస్తున్నా, ఆ ఎరుపు కనబడినప్పుడల్లా మూసిన తలుపు సందులోంచి ఎవరింట్లోనో పొయ్యి మంటని చూసినట్టుంటుంది ఆమెకి. మనిషి నోరు విప్పకముందే కన్ను తన నంబరు తానే చెప్పేస్తుంది. ఆ తర్వాత అడగడమంతా మర్యాద కోసమే. అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడంలో ఒక కిటుకుంది. రెండో "ఇది" దగ్గర గొంతు రవ్వంత పైకి లేస్తే చాలు, నూటికి తొంభైమంది రెండోదే బాగుందంటారు. దుకాణం పెట్టిన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టింది. కనిపెట్టి జడుసుకుంది. రెండు "ఇది"లనీ ఒకే ఎత్తులో అనడం అప్పట్నుంచీ సాధన చేసి నేర్చుకుంది.

ఇవాళ పొద్దున్నే ఆ కిటుకు ఎందుకు గుర్తుకొస్తోందో ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే వెలుగు ఆర్పకుండా, అవసరానికి మించి ఆ కంట్లోకి చూస్తూ కూర్చుంది.

"ఏంటమ్మా, లోపల ఏదైనా పారేసుకున్నావా, అంతలా వెతుకుతున్నావు?" అంది ముసలావిడ.

పారేసుకున్న మాట నిజమే. కానీ అది ముసలావిడ కంట్లో కాదు.

కథ ఎందాకా వచ్చిందో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఆ ఊళ్ళో పెద్దపార్టీ ఒకటే, ఓడ గుర్తుది. ఆ ఓడ మీద ఈసారీ సిమెంటు వ్యాపారే నిలబడ్డాడు. ఊరంతా ఆయన్ని సిమెంటాయన అంటుంది. ఎదురు నిలిచేవి రెండు చిన్న పార్టీలు, ఒకటి తాళంచెవి, ఒకటి బకెట్. తాళంచెవి తరఫున నామినేషన్ వేసింది ఈమే. కళ్ళు పరీక్ష చేసి అద్దాలిచ్చే మనిషి కాబట్టి అందరికీ కళ్ళజోళ్ళమ్మ. బకెట్ తరఫున వేసింది ఈమె మొగుడి అక్క, స్కూలు బస్సు నడిపే వదిన. ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలి ఓడ హాయిగా తేలుతుంది. ఒక్కరే నిలబడితే మునిగినా మునగొచ్చు. నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి గడువు ఇవాళ మధ్యాహ్నం మూడింటిదాకా. ఇద్దరిలో ఎవరు తప్పుకోవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

తేలకపోవడానికి కారణం కిందటి ఎన్నిక. అప్పుడు వదిన తప్పుకుంది, ఈమె నిలబడింది. ఈమె భర్త లెక్కల మాస్టారు. భార్యకి వచ్చే ఓట్లూ, అక్కకి వచ్చే ఓట్లూ పక్కపక్కన వేసి కూడి, గెలుపు ఖాయం అన్నాడు. రెండూ రెండూ నాలుగే, కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? కానీ ఓట్లు నీళ్ళు కావు, ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి వంచడానికి. వదిన ఓట్లలో కొన్ని ఇంట్లో పడుకున్నాయి, కొన్ని పోయి ఓడెక్కాయి. ఈమె ఓడిపోయింది. ఆ మర్నాటి నుంచి మాస్టారు ఇంట్లో కూరగాయల లెక్క కూడా పైకి అనడం మానేశాడు. ఈమె మనసులో మాత్రం ఒక ముల్లు దిగబడి ఉండిపోయింది. వదిన తన వాళ్ళకి గట్టిగా చెప్పలేదు. పైపైన చెప్పి, లోపల్లోపల వద్దని ఉంటుంది. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు, వదిన కూడా అడగలేదు. కలిసి భోంచేసినప్పుడల్లా ఆ ముల్లు మూడో మనిషిలా వాళ్ళ మధ్య కూర్చునేది.

అందుకే ఈసారి తాళంచెవి పార్టీ అధ్యక్షుడు ప్లీడరుగారు ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి మనుషుల్ని వాళ్ళు పోగుచేసి, ఎదుటి అభ్యర్థి కళ్ళముందే, పక్క గుర్తుకి ఓటెయ్యమని అడగాలి. ఎదుటివాళ్ళు ఆఖరి వరసలో కూర్చుని మాట్లాడకుండా చూడాలి. ఎవరి సభలో చేతులు ఎక్కువ లేస్తే వాళ్ళు తప్పుకోవాలి. ఇదెక్కడి న్యాయమండీ, బలమున్నవాడు కూర్చుని లేనివాడు నిలబడాలా అని కుర్రకారు నవ్వింది. ప్లీడరుగారు నవ్వలేదు. "నడిచే ఓట్లున్నవాళ్ళు కూర్చోవచ్చు. అవి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాయి. నడవని ఓట్లున్నవాళ్ళు నిలబడక తప్పదు. పెద్దవాడితో కుస్తీ పట్టే చిన్నవాళ్ళకి ఇంతకన్నా వేరే దారి లేదు," అన్నాడు.

నిన్న సాయంత్రం బస్సుల షెడ్డులో వదిన వంతు అయిపోయింది. ఆఖరి బెంచీ మీద కూర్చుని ఈమె చూసింది. వదిన బస్సు మెట్టు మీద నిలబడి, తను లేనట్టే అనుకోమనీ, తాళంచెవికే వెయ్యమనీ అడిగింది. మెకానిక్కులూ, డ్రైవర్లూ, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ నేలచూపులు చూశారు. అక్కడక్కడ కొన్ని చేతులు లేచాయి, వానకి ముందు పడే చినుకుల్లా. అంతటితో సరి. వదిన మళ్ళీ అడిగింది. వెనకనుంచి ఒకాయన, నువ్వుంటే నీకు, నువ్వు లేకపోతే ఎవరికైనా ఒకటేనమ్మా అనేశాడు. ఈమె బెంచీ మీద కూర్చుని వదిన గొంతునే విన్నది. ఎక్కడైనా రవ్వంత పైకి లేచిందా, ఎక్కడైనా కిందికి దిగిందా అని. తెలియలేదు. అద్దాల గదిలో ఇట్టే పట్టేసే చెవి ఆ షెడ్డులో చెవిటిదైపోయింది.

ఇవాళ తన వంతు.

ముసలావిడ ముక్కు మీద పరీక్ష కళ్ళజోడు పెట్టి, అందులో అద్దం బిగిస్తుండగా వీధిలోంచి చప్పుడు మొదలైంది. మొదట మైకు. తర్వాత డప్పులు. ఆ తర్వాత చప్పుడు అనలేనిదేదో వచ్చింది. బల్ల మీద పెట్టెలో వరసగా పేర్చిన అద్దాలన్నీ సన్నగా వణికి, ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది. అద్దాలు ఆమె అరచేతి కిందా వణికాయి.

ఓడవాళ్ళ ఊరేగింపు. ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. ముసలావిడ ఆ ఇనపముక్కల కళ్ళజోడుతోనే వచ్చింది.

ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వీధంతా మనుషులే. నీలం జెండాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తున్నాయి. లారీ మీద చెక్కతో నిజంగానే ఒక ఓడ కట్టారు, తెరచాపతో సహా. అది మేడల రెండో అంతస్తు కిటికీల పక్కనుంచి మెల్లగా జరిగిపోతుంటే కిటికీల్లో మనుషులు వెనక్కి తగ్గారు. పైన సిమెంటాయన చేతులు జోడించి నిలబడ్డాడు, ముఖంలో ఏ భావమూ లేదు. ఆ ముఖానికి భావంతో పనిలేదు, కింద అంత జనం ఉండగా. ఆమెకి కోపం రావాల్సింది, రాలేదు. కొండ కదిలివస్తుంటే కొండ మీద కోపం ఎవరికొస్తుంది? నోరు తెరుచుకుని చూసింది. చూస్తూ చూస్తూ ఇంకొకటి గమనించి ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ ముఖాలు తనకి తెలుసు. ఆ నీలం టోపీ కింద ఉన్న కళ్ళకి దూరపు చూపు తక్కువ. ఆ డప్పు కొట్టేవాడికి ఒక కన్ను ఎడమ పక్కకి లాగుతుంది. జెండా పట్టుకున్న ఆవిడకి కిందటి నెల తనే అద్దాలు మార్చింది. ఇంత పెద్ద జంతువుకి ఉన్న కళ్ళల్లో సగం తన బల్ల ముందు కూర్చుని వెళ్ళినవే. అవన్నీ తనకి తెలిసి ఉండీ, ఈ జంతువు మాత్రం తెలియకపోవడం ఏమిటి!

"అబ్బో, ఎంత పెద్ద ఓడో," అంది ముసలావిడ. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఇక్కడ తిరకాసుగా ఉందే తల్లీ. ఏరు దాటించేదాకా మనం ఓడ మల్లయ్యలం. గెలిచాక మనమే బోడి మల్లయ్యలం."

"కనబడుతోందా మామ్మగారూ, అద్దం సరిపోయిందా?"

"బాగా కనబడుతోంది. అదే బాధ."

సభ బ్యాడ్మింటన్ ఆడుకునే హాల్లో పెట్టారు. నేల మీద తెల్లగీతలు ఇంకా మెరుస్తున్నాయి. తాళంచెవి వాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆ గీతల లోపలే సర్దుకుని కూర్చున్నారు, గీత దాటితే తప్పు పడుతుందన్నట్టు. రొట్టెల బట్టీ వాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, బళ్ళో టీచర్లు, ముసలావిడ, ఆమె పక్కన ఆమె వియ్యపురాలు. ఆఖరి వరసలో, గీతలకి అవతల, వదిన. బస్సు డ్రైవరు చొక్కాలోనే వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, డాక్టరు గది బయట కూర్చున్నట్టు కూర్చుంది. మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందుకి వస్తే భార్యవైపు, వెనక కూర్చుంటే అక్కవైపు. అడకత్తెరలో పోకచెక్క పాపం, గడప మీదే ఉండిపోయాడు.

ఆమె మైకు ముందుకి వెళ్ళింది. వెళ్తూనే లోపల ఒక ఆలోచన తేటగా, సిగ్గులేకుండా లేచి నిలబడింది. మాటలు సరిగ్గా అంటే చాలు. గొంతు కాస్త చల్లబరిస్తే చాలు. బకెట్‌కి వెయ్యండి అనాలి, అంటుంది, ఒక్క అక్షరం తగ్గదు. ప్లీడరుగారి పద్ధతికి లోటు రాదు. కానీ "బకెట్" దగ్గర గొంతు దిగుతుంది. ఈ హాలుకి ఆ దిగుడు చాలు. చేతులు లేవవు. చేతులు లేవకపోతే తను నిలబడుతుంది. వదిన తన వాళ్ళ దగ్గర చేసిందనుకుంటూ ఇన్నేళ్ళు లోపల దాచుకున్నది, ఇప్పుడు తనే చేస్తుంది. అప్పుడు సరికి సరి. ఆ మాట అనుకోగానే వదిన మీద ప్రేమలాంటిదేదో కూడా కలిగింది, దొంగకి తోటి దొంగ మీద కలిగినట్టు.

అడిగింది. "నేను నిలబడటం లేదనుకోండి. నా బదులు బకెట్ గుర్తుకి వెయ్యమని అడుగుతున్నాను. వేస్తామనేవాళ్ళు చేతులెత్తండి." అనుకున్నట్టే అంది. "బకెట్" దగ్గర గొంతు సరిగ్గా అనుకున్నంతే దిగింది. తనకే వినబడింది ఆ దిగుడు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు.

హాల్లో ఎవరూ కదల్లేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆమె తన పెదవుల మీద జాలి లాంటిదేదో పరుచుకుంటుండగా గమనించింది. అయ్యో, లేవలేదే అనే జాలి. అది కూడా ముందే కుట్టి పెట్టుకున్నదే.

అప్పుడు ముసలావిడ చెయ్యి లేచింది. మెల్లగా, భుజం నొప్పి ఉన్న మనిషి ఎత్తినట్టు, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని మరీ ఎత్తింది. పక్కన వియ్యపురాలు. ఆ వెనక బట్టీలో పనిచేసే అన్నదమ్ములు, గోధుమపిండి ఇంకా గోళ్ళల్లో ఉంది. ఆయాలు. టీచర్లు. ఒక వరస పూర్తిగా లేచి, తర్వాతి వరసకి పాకి, అక్కణ్ణుంచి గోడల దాకా పోయింది. ఏ చప్పుడూ లేదు, కేకల్లేవు, జెండాల్లేవు. చేతులు మాత్రం. ముడతలవి, కాలినవి, ఉంగరాలవి, గాజులవి. ఆ హాల్లో ఎత్తని చెయ్యి కోసం వెతికింది ఆమె. వెతికి వెతికి, దొరక్క, ఆగిపోయింది.

పొద్దున్న వీధిలో పోయిన ఓడ గుర్తుకొచ్చి, అది చిన్నదైపోయింది. దాన్ని కట్టడానికి చెక్కా, మేకులూ, డప్పులూ కావాలి. దీనికి ఏం కావాల్సి వచ్చింది? ఒక మనిషి అడగడం కావాల్సి వచ్చింది, అదీ సరిగ్గా అడగలేదు. తన మాట ఇంత దూరం పోతుందని తెలిసి ఉంటే, దాన్ని నోట్లో పెట్టుకోవడానికే భయపడేది. తెలియదు కాబట్టే ఇంతకాలం బతికేసింది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళు దించలేదు.

"దించండి," అంది చివరికి.

ముసలావిడ దించలేదు. "ఒక్క మాటమ్మా. నువ్వడిగిన తీరులోనే నీకిష్టం లేదని తెలిసిపోయింది. నాకు కళ్ళే మసక, చెవులు కావు." హాల్లో చిన్న నవ్వు పాకింది. "నీకిష్టం లేదు సరే. మాకిష్టమే. ఇప్పుడేం చేస్తావు?"

ఈసారి హాలంతా నవ్వింది. అందులో ఎగతాళి లేదు. పిల్ల తప్పటడుగు వేస్తే పెద్దవాళ్ళు నవ్వే నవ్వది. ఆమె కూడా నవ్వబోయి, ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక నేల మీది తెల్లగీత వైపు చూసింది. దొరికిపోయినందుకు సిగ్గుపడాలి. సిగ్గు ఉంది, ఎక్కడో మూల. దాన్ని తోసుకుంటూ వచ్చిన ఆశ్చర్యం ఎంత పెద్దదంటే సిగ్గుకి నిలబడటానికి చోటు దొరకలేదు. వీళ్ళు తన కిటుకుని చూశారు. చూసీ దాని మీదుగా దాటిపోయారు. తను గొంతు దించినా వీళ్ళు దిగలేదు.

ఆఖరి వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

వదిన హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చుంది. అడగాల్సిన మాట ఎన్నో భోజనాల కిందటిది. ఇప్పుడు అడిగితే తన మాటా బయటపడుతుంది. పడనీ అనుకుంది.

"వదినా, నిన్న నువ్వు నిజంగానే అడిగావా?"

"కిందటిసారి సంగతి కూడా కలిపి అడుగుతున్నావా, నిన్నటిదొక్కటేనా?"

"రెండూ."

వదిన చొక్కా బొత్తాం తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది, ట్రాఫిక్కులో బస్సు తిప్పినట్టు నిదానంగా. కిందటిసారి ఇంటింటికీ తిరిగింది. మా మరదలికి వెయ్యండి, అది వేరు కాదు నేను వేరు కాదు అని గడపగడపకీ చెప్పింది. అందరూ సరే సరే అన్నారు, టీ ఇచ్చారు. ఓట్లెక్కడికి పోయాయో లెక్క తేలినప్పుడే ఆమెకీ తెలిసింది. నిన్న షెడ్డులో అడిగేటప్పుడు ఈసారైనా లేస్తాయేమోనని మనసులో దణ్ణం పెట్టుకుంది.

"వాళ్ళకి నేనంటే ప్రాణం. కాదనను. కానీ నా మాటంటే లెక్కలేదు. అది నీకు చెప్పడానికి నామోషీ వేసింది. నేను సరిగ్గా చెప్పలేదనే నువ్వు అనుకుంటున్నావని నాకు తెలుసు. పోనీలే, అలాగే అనుకోనీ, చేతకాలేదనేకన్నా చెయ్యలేదంటేనే పరువు అనుకున్నాను. గుడ్డికన్న మెల్ల నయం కదా."

ఆమె వదిన వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ అనుమానించిన ముఖమే. స్టీరింగు ముందు ఎండకి ఒక పక్కే నల్లబడ్డ ముఖం. మోసం చేసిందన్న నింద మోయడం తేలికనిపించి, దాన్ని ఎత్తుకుని తిరిగిన మనిషి. ఎదుటి మనిషి లోపల ఏముందో తనకి తెలుసనుకుని బతకడం ఎంత పొగరు! కంట్లోకి వెలుగు వేస్తే కనబడేది వెనక గోడే, ఇల్లు కాదు.

"నేనివాళ సరిగ్గా అడగలేదు వదినా."

"విన్నాను. మామ్మగారికే కాదు, నాకూ చెవులున్నాయి." వదిన మొదటిసారి నవ్వింది. "నువ్వు సరిగ్గా అడక్కపోయినా వాళ్ళు లేపారు. నేను దణ్ణం పెట్టి అడిగినా మావాళ్ళు లేపలేదు. ఇద్దరిలో ఎవరు పెద్దో నువ్వే చెప్పు మరదలా."

ఆమె ఒక మెట్టు పైకి జరిగి వదిన పక్కన కూర్చుంది.

వదిన లేచి చొక్కా దులుపుకుంది. పోతూ పోతూ, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది. సిమెంటాయన నిన్న రాత్రి మనిషిని పంపించాడట, ఇవాళ మధ్యాహ్నం వచ్చి కలవమని. మీ మరదలు ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పుకోదు, ఆఖరి నిమిషం దాకా నాన్చి నిన్ను ఓట్లు చీల్చినదాన్ని చేస్తుంది, అంతకన్నా నువ్వే ముందు మర్యాదగా తప్పుకో అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నాను."

"ఎందుకు?"

వదిన జేబులోంచి తాళాలు తీసి మెట్లు దిగిపోయింది.

ఎన్నికల అధికారి ఆఫీసులో ఒకే కిటికీ, దానికి ఇనప చువ్వలు. లోపల అధికారి, బయట బెంచీ, పైన గడియారం. చేతులు ఎక్కువ లేచింది తన సభలోనే కాబట్టి ఆమె చేతిలో ఉపసంహరణ కాగితం ఉంది. అన్నీ నింపింది, సంతకం కూడా పెట్టింది. ప్లీడరుగారు పక్కన కూర్చుని కళ్ళజోడు తుడుస్తున్నాడు, ఆమె ఇచ్చిన కళ్ళజోడే. గడువుకి ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

అప్పుడొచ్చాడు మాస్టారు, చెమటలు కక్కుకుంటూ. అక్క బస్సు ఓడవాళ్ళ ఆఫీసు ముందు ఆగి ఉందన్నాడు. తను వెళ్ళి చూశాడట. లోపలికి వెళ్ళనివ్వలేదట. ఫోను స్విచ్చాఫ్ వస్తోందట. చెప్పి, గోడకి ఆనుకుని, భార్య ముఖం చూడకుండా చెప్పులు చూసుకున్నాడు.

ప్లీడరుగారు తుడవడం ఆపాడు. "ఆగమ్మా, తొందరపడకు," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్విచ్చాక ఆవిడ కూడా వచ్చి తప్పుకుందనుకో, సిమెంటాయన పోటీయే లేకుండా గెలుస్తాడు. ఓటు వెయ్యడానికి కూడా ఎవరికీ పని ఉండదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే బాపతు వాళ్ళు. ఆవిణ్ణి ఏం చేసి లొంగదీస్తున్నారో మనకేం తెలుసు? ఆఖరి నిమిషం దాకా కాచుకుని చూద్దాం. ఆవిడ రాకపోతే అప్పుడిద్దువుగాని."

సబబైన మాట. తప్పు పట్టడానికి వీల్లేని మాట. లెక్కల మాస్టారు కూడా తలూపాడు.

ఆమె గడియారం వైపు చూసింది. కాచుకుని చూడటం. ఇన్నేళ్ళూ వదిన విషయంలో తను చేసిందదే, ఆఖరి వరసలో కూర్చుని గొంతు వినడం. సిమెంటాయన వదినతో అన్నది కూడా సరిగ్గా ఇదే. ఆఖరి నిమిషం దాకా నాన్చుతుంది మీ మరదలు. ఇప్పుడు ఆ గదిలో, ఆ నీలం జెండాల మధ్య, వదిన ముందు కూర్చుని ఆయన గడియారం చూపిస్తూ ఉంటాడు. చూశావా, ఇంకా ఇవ్వలేదు. చూశావా, ఇంకా. తను ఈ బెంచీ మీద కూర్చున్న ప్రతి నిమిషమూ ఆయన మాటని నిజం చేస్తోంది. కాగితం లోపలికి పోయిన మరుక్షణం బయట బోర్డు మీద రాస్తారు. ఆ వార్త అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అది చేరాక వదిన లేచి వచ్చేస్తుందా? లేక అప్పటికే మాట ఇచ్చేసి ఉంటుందా? మాట ఇచ్చేస్తే ఈ కాగితంతో హాల్లో లేచిన చేతులన్నీ మట్టిలో కలిసిపోతాయి, తన చేత్తోనే. ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలిసే దారే లేదు. వదిన కంట్లోకి వెయ్యడానికి ఇక్కడ ఏ వెలుగూ లేదు.

తెలియకపోవడం ఇంత విశాలంగా ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తెలియదు. చీకటి గదిలోంచి ఉన్నట్టుండి ఆరుబయటికి వచ్చినట్టుంది. ఊపిరి హాయిగా ఆడుతోంది.

ఆమె లేచింది. ప్లీడరుగారు చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు చెప్పుల మీదనుంచి తలెత్తాడు.

కిటికీ దగ్గర అధికారి ఆమెని ఎగాదిగా చూసి, ఒకసారి ఇచ్చాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదని గుర్తు చేశాడు. ఆమె తెలుసన్నట్టు తలూపింది. బయట వీధిలో ఏదో బండి వచ్చి ఆగిన చప్పుడైంది. మాస్టారు గుమ్మంవైపు పరుగెత్తాడు. ఏ బండో, అందులోంచి ఎవరు దిగుతున్నారో, ఏ కాగితం పట్టుకుని దిగుతున్నారో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

చువ్వల మధ్యనుంచి కాగితాన్ని లోపలికి తోసింది.